పొగ రాని ఇంజన్

అక్టోబర్ 6

పడవ ఇంజన్ స్టార్ట్ కాలేదు. నిన్న సాయంత్రం దాకా ఏ పేచీ పెట్టలేదు. పొద్దున తాళం తిప్పితే గిరగిరా తిరుగుతుంది గానీ అంటుకోదు.

రోజు చూసుకుని మరీ చెడిందని లోరెయిన్ ఫోన్లో విసుక్కుంది. ఆమె విసుగులో న్యాయం ఉంది. తన మేనత్త హెట్టీ కోసం స్టెన్‌బరీలో కాలువ గట్టునే, ముసలివాళ్ళకని కట్టిన ఇళ్ళలో కింది అంతస్తులో ఒకటి సంపాదించింది. మెట్లు లేవట. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందట. కడ్డీ సంగతి రెండుసార్లు చెప్పింది. ఇవాళ మధ్యాహ్నం స్టెన్‌బరీ రేవులో కారు పెట్టుకుని ఎదురుచూస్తానంది. హెట్టీని అక్కడికి చేర్చే పూచీ నాది.

హెట్టీ తెల్లవారేసరికే తయారై తన పడవ మేబెల్ వెనక భాగంలో, చుక్కాని పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. నల్ల టోపీ పెట్టుకుంది. గదిలోని ఇత్తడి గుబ్బలన్నీ తోమి మూట కట్టేసింది. ఆమె పుట్టింది బొగ్గు మోసే పడవలో. మేబెల్‌కి ఇంజన్ లేదు, ఎప్పుడూ లేదు. అది జోడీ పడవ. ముందు మోటారు పడవ లాగితే వెనక వెళ్ళడమే దాని పని. వాళ్ళాయన పోయి, ఆయన మోటారు పడవ అమ్ముడుపోయాక, మేబెల్‌ని నా మోటారు పడవ డన్నక్ లాగుతోంది. నేను రిటైరై కాలువ మీదకి వచ్చిన తొలి వేసవిలో ఆమె పడవని గుద్దాను. "పడవ నేర్చుకుంటావా, నన్ను ముంచుతావా?" అని అడిగింది. అప్పటినుంచి జోడీగానే ఉన్నాం.

"ఏమైందబ్బాయ్?"

నాకు అరవై దాటాయి. అయినా అబ్బాయే.

"తిరుగుతోంది. అంటుకోవట్లేదు."

"మళ్ళీ తిప్పు."

తిప్పాను. ఆమె నా మొహం చూడలేదు, డన్నక్ పొగగొట్టం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"సరేలే. టీ పెడతా. ఆ ఇత్తడి మూట విప్పాలేమో మళ్ళీ," అంది.

డీజిల్లోకి గాలి దూరి ఉంటుంది. లేదా ఫిల్టర్. లేదా పంపు.

అక్టోబర్ 7

స్టాప్ నాబ్.

ఈ ఇంజన్ని ఆపాలంటే ఎర్ర నాబ్ బయటికి లాగాలి. డీజిల్ ఆగిపోతుంది, ఇంజన్ ఆగుతుంది. లాగిన నాబ్‌ని మళ్ళీ లోపలికి నొక్కకపోతే ఎంత తిప్పినా స్టార్ట్ కాదు. పడవ కొన్న వారంలో ప్రతివాడూ చేసే తప్పు ఇది. నేనూ చేశాను, అప్పట్లో. మొన్న సాయంత్రం లాగి మరిచిపోయి ఉంటాను.

నిన్న హెట్టీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడే చూశాను. వేలు పెట్టి నొక్కితే అయిపోయేది.

ఉద్యోగమంతా కార్లలో పక్క సీట్లో కూర్చుని, లైసెన్సు కోసం వచ్చినవాళ్ళ తప్పులు రాసుకున్నాను. సొంత తప్పులు రాసే అలవాటు లేదు. నాబ్ ఇంకా బయటికే ఉంది. ఇంజన్ని కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉంచడంలో తప్పు లేదు. పాత ఇంజన్.

అక్టోబర్ 8

కాలువ ఆఫీసుకి ఫోన్ చేశాను. సొంత రేవు లేని పడవలు రెండు వారాలకి మించి ఒకచోట ఉండకూడదు. ఇంజన్ చెడిందని చెబితే గడువు ఇస్తారు. చెప్పాను. ఇచ్చారు. ఎంత తేలిగ్గా ఇచ్చారో.

అక్టోబర్ 11

మెర్విన్ వచ్చాడు. కాలువ పొడుగునా పడవ మీద బొగ్గు, డీజిల్, గ్యాస్ అమ్ముతాడు. వాడి చేతులు, మెడ, చెవులు అన్నీ ఒకటే రంగు. ఎవరి ఇంజన్ చెడినా వాడికి పండగ.

"ఏదీ గురూ, ఒకసారి తిప్పు, వింటాను."

ఇంజన్ గది మూత తీసి తల లోపలికి పెట్టాడు. నేను ముందుచూపుతో అంతకుముందే నా కోటు తెచ్చి నాబ్ ఉన్న పలక మీద తగిలించాను.

"ఇంజన్ గదిలో కోటెందుకు గురూ?"

"చలి."

"నీకా, ఇంజన్‌కా?"

తిప్పాను. వాడు చెవి ఒగ్గి విన్నాడు. డీజిల్ అందడం లేదన్నాడు. పంపు పోయుంటుందన్నాడు. నాకూ అదే అనుమానం అన్నాను. మనిషి పొంగిపోయాడు. పాత పంపు దొరికే చోట్లు వరసగా చెప్పాడు, నేను చాలా శ్రద్ధగా విన్నాను. వాడి మీద నాకు ఇంత అభిమానం ఎప్పుడూ కలగలేదు.

పోతూ పోతూ మేబెల్ పక్కన ఆగాడు.

"హెట్టీ అత్తా! పై ఊరు దాకా పోయి తిరిగి వచ్చేటప్పుడు నా వెనక కట్టుకో. సెడ్రిక్ గురువు ఇంజన్ ఈ జన్మలో లేవదు. నేను దింపేస్తా స్టెన్‌బరీలో."

హెట్టీ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తెర దులిపింది.

"నీ బొగ్గు పొడి నా తెరల మీద పోయించుకోడానికా? ఏం వద్దు. నా మోటారు బాగయ్యేదాకా ఆగుతా."

"అది బాగయ్యేసరికి నీకు నూరేళ్ళు వస్తాయి అత్తా."

"వస్తే వస్తాయి. నీ సొమ్మేం పోయింది? బొగ్గు రెండు బస్తాలు ఇటు పడేసి పో."

అక్టోబర్ 12

'నా మోటారు' అంది. నిన్న రాశాను, మళ్ళీ రాస్తున్నాను.

అక్టోబర్ 15

ఫిల్టర్ విప్పి శుభ్రం చేశాను. ఎలాగూ చెయ్యాల్సిందే. ఇంజన్ కింద చేరిన నీళ్ళు తోడేశాను. ఫ్యాను బెల్టు మార్చాను. జబ్బు లేని ఇంజన్‌కి ఇన్ని సేవలు చేసిన మనిషి ఈ కాలువ మీద ఉండడు.

హెట్టీ తన పీట తెచ్చుకుని గట్టు మీద కూర్చుని చూసింది. కాలేయం, ఉల్లిపాయలు వేయించి తెచ్చింది. నాకు కాలేయం ఇష్టం లేదని ఇన్నేళ్ళలో చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబితే బాగుండదు.

చిన్నప్పుడు వాళ్ళ పడవని గుర్రం లాగేదట. గుర్రానికి జబ్బు చేస్తే వాళ్ళమ్మ, నాన్న, హెట్టీ ముగ్గురూ తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళట. "బొగ్గుతో నిండిన పడవనా?" అన్నాను. "ఖాళీ పడవని లాగడానికి అంత కష్టమెందుకు? ఒకరు చాలు," అంది. నీళ్ళమీద ఉన్నదాన్ని గుంజకూడదట, తాడు మీద ఒరిగి ఊరుకోవాలట. పడవకి ఇష్టమైనప్పుడు అదే కదులుతుందట.

"ఆ ఇంటికి వెళ్ళాక ఏం చేస్తావ్?" అని అడిగాను.

"స్నానం. తొట్టి నిండా వేడినీళ్ళు పోసుకుని, చల్లారేదాకా కూర్చుంటా. బకెట్టు మోసే పని లేదు, పొయ్యి రాజేసే పని లేదు." అని నా వైపు చూసింది. "తర్వాత ఏం చేస్తానో తెలీదు."

నేను బెల్టు బిగించాను. అది ముందే బిగిసి ఉంది.

అక్టోబర్ 19

హెట్టీ పడిపోయింది.

బొగ్గు డబ్బా పట్టుకుని గదిలోకి దిగుతూ మెట్టు మీద జారింది. ఆ మెట్టు నిజానికి మెట్టు కాదు, బొగ్గు పెట్టె మీది పలక. పుట్టినప్పటినుంచి దాని మీదే ఎక్కుతోంది, దిగుతోంది. మోకాళ్ళు మొరాయించాయి. నేను నా పడవలో కూర్చుని రేడియోలో క్రికెట్ వింటున్నాను. ఎంతసేపు పడి ఉందో నాకు తెలీదు, ఆమె చెప్పదు. నేను పాలు అడగడానికి వెళితే నేల మీద కూర్చుని, చుట్టూ బొగ్గు, చెంప మీద గీత.

"చీపురు ఇటివ్వు ముందు."

"చెయ్యి ఇవ్వు, లేపుతా."

"చీపురు అడిగాను."

చీపురిచ్చాను. కూర్చునే ఊడ్చింది. ఆ తర్వాతే లేవనిచ్చింది. పట్టుకుంటే పిట్టంత బరువు. ఎముకలు విరగలేదు. పక్కటెముకల మీద కమిలిందని, పిలిస్తే వచ్చిన నర్సు చెప్పింది.

ఇది నా వల్ల జరిగింది. ఆరో తారీకున ఆ నాబ్ నొక్కి ఉంటే ఇప్పుడామె కడ్డీ పట్టుకుని నడుస్తూ ఉండేది. దీన్ని ఇంకోలా రాయడానికి చాలాసేపు ప్రయత్నించాను, కుదరలేదు.

రేపు నొక్కుతాను.

అక్టోబర్ 20

కమిలిన పక్కటెముకలతో ప్రయాణం మంచిది కాదని నర్సు అనలేదు గానీ, అడిగితే అనేదే. రేపు.

అక్టోబర్ 21

వర్షం. లాకుల దగ్గర రాళ్ళు జారుతుంటాయి. రేపు.

అక్టోబర్ 22

రేపు.

అక్టోబర్ 23

ఫ్రాన్ వచ్చింది. గట్టు వెంట తిరుగుతూ ఏ పడవ ఎక్కడ ఎన్నాళ్ళుగా ఉందో చూసుకునే ఆఫీసు అమ్మాయి. నీలి జాకెట్, చేతిలో చిన్న మిషను. మర్యాదస్తురాలు. మర్యాదస్తులతోనే కష్టం.

"ఇంకా బాగవలేదా సెడ్రిక్ గారూ?"

"పాత ఇంజన్ అమ్మా. పార్టులు దొరకాలి."

"తొందర పడండి మరి. నవంబర్ మూడున కింది మూడు లాకులూ మూసేస్తారు. తలుపులు మారుస్తున్నారు. ఆ లోపు దిగకపోతే వసంతం దాకా ఇక్కడే ఉండిపోతారు."

వసంతం దాకా. ఆమె విచారంగానే చెప్పింది. నేనూ విచారంగా మొహం పెట్టాను. పక్క సీట్లో కూర్చుని ఏళ్ళ తరబడి మొహంలో ఏదీ తెలియనివ్వకుండా ఉండటం సాధన చేసినవాణ్ణి.

మేబెల్‌లోకి బొగ్గు నేనే మోస్తాను. నీళ్ళూ నేనే. ఆ మెట్టు పక్కన ఒక కడ్డీ బిగిస్తాను. కడ్డీయే కదా కావాల్సింది. చలికాలం గడిచిపోతుంది. వసంతంలో చూసుకోవచ్చు.

అక్టోబర్ 25

కడ్డీ బిగించాను. హెట్టీ దాన్ని పట్టుకుని ఊపి చూసింది. "బాగుంది," అంది. మధ్యాహ్నానికి దాని మీద గిన్నెలు తుడిచే గుడ్డ ఆరేసింది.

అక్టోబర్ 28

లోరెయిన్ వచ్చింది. రోడ్డు వంతెన దగ్గర కారు ఆపి, మంచి బూట్లతో బురదలో నడిచి వచ్చింది. గట్టు మీద నిలబడి నన్ను తిట్టింది. బాగానే తిట్టింది, అడ్డు చెప్పాల్సింది ఒక్కటీ లేదు.

"మూడు వారాలండీ! ఎముక విరిగుంటే ఎవరిది బాధ్యత? మీకు రిపేరు రాకపోతే రాదని చెప్పండి. ఎల్లుండి కాక ఆ మర్నాడు, శుక్రవారం, మెకానిక్కుని పంపిస్తున్నా. డబ్బు నాది. అతను చూస్తాడు. బాగైతే ఆ రోజే బయల్దేరాలి. కాకపోతే అత్తయ్యని కారులో తీసుకుపోతా, పడవ ఏమైపోతే నాకేంటి?"

"పడవ లేకుండా నేను రాను," అని లోపల్నుంచి హెట్టీ గొంతు.

"అత్తయ్యా, పడవని అమ్మేస్తున్నాం!"

"అమ్మేటప్పుడు దాన్ని నా చేత్తో నడిపించుకెళ్ళి అప్పగిస్తా. సగం దారిలో వదిలేసి పోతారా ఎవరైనా?"

లోరెయిన్ ఏడ్చింది. ఆమెకి మేనత్త అంటే ప్రాణం. ఇంతకాలం ఆ సంగతి గమనించకుండా ఉండటానికి నేను కొంచెం కష్టపడ్డాను.

అక్టోబర్ 29

శుక్రవారం మెకానిక్. కోటు మళ్ళీ తగిలించాలా? మెకానిక్కులు కోట్లు తీసి పక్కన పెడతారు.

పంపు నిజంగానే పాడుచేస్తే? పానా తీసుకున్నాను. ఇంజన్ ముందు కూర్చున్నాను. పానా పెట్టెలో పెట్టేశాను. దానికి ఏ పాపం తెలీదు.

అక్టోబర్ 30

చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు సరిగ్గా రావడం లేదు. అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి, హెట్టీ దగ్గర దొరికిన కాగితం మీదైనా.

పొద్దున పొగమంచు. టీ కాచుకుంటుంటే కిటికీ పక్కనుంచి మేబెల్ వెళ్ళిపోతూ కనిపించింది. ముందు నా పడవే కదిలిందనుకున్నాను. కాదు, మేబెలే. చుక్కాని దగ్గర ఎవరూ లేరు. బయటికి వచ్చి చూస్తే, గట్టు మీద ముందు దూరంగా, తాడు భుజాన వేసుకుని, నల్ల టోపీ పెట్టుకుని, ముందుకి ఒరిగి, హెట్టీ.

లోపలి చొక్కా మీదే పరిగెత్తాను.

"ఏం చేస్తున్నావ్!"

"కనబడట్లేదా? పోతున్నా."

"ఈ మోకాళ్ళతోనా? పక్కటెముకలు?"

"ఆపకు అబ్బాయ్. ఒకసారి ఆగితే మళ్ళీ కదిలించడం కష్టం."

తాడు అందుకున్నాను. వదల్లేదు. ఇద్దరం తాడు పట్టుకుని నడుస్తూనే పోట్లాడుకున్నాం, ఎందుకంటే ఆగితే పడవ వచ్చి గట్టుకి కొట్టుకుంటుంది.

"రేపు మెకానిక్ వస్తున్నాడు కదా, ఒక్క రోజు ఆగలేవా?"

"వచ్చి ఏం చేస్తాడు? వేలు పెట్టి ఆ ఎర్ర నాబ్ నొక్కుతాడు. లోరెయిన్ పక్కనే నిలబడి ఉంటుంది. అప్పుడు నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావ్?"

కాళ్ళు నడుస్తున్నాయి, మిగతా నేను ఆగిపోయాను.

"నీకు తెలుసా?"

"మొదటిరోజే. ఇంజన్‌కి డీజిల్ అందుతుంటే, అంటుకోకపోయినా తెల్లపొగ కక్కుతుంది. నువ్వు అన్నిసార్లు తిప్పావు. పొగ రాలేదు. ముందు మరిచిపోయావనుకున్నా. టీ ఇచ్చాక కూడా నొక్కలేదు. అప్పుడు తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"నాకు మాత్రం తొందరేం ఉంది?" అంది. రొప్పుతోంది. "ఆ మెర్విన్ గాడు లాగుతానంటే వద్దన్నాను కదా. ఇంకెలా చెప్పాలి, పాట కట్టి పాడాలా?"

అక్కడ తాడు నా చేతికి వచ్చింది. ఆమె వదిలేసిందో నేను లాక్కున్నానో తెలీదు. పడవ నెమ్మదించాక ఆమెని ఎక్కించి, చుక్కాని దగ్గర పీట మీద కూర్చోబెట్టాను. చెంపలు ఎర్రగా, టోపీ పక్కకి జరిగి, మనిషి చాలా బాగుంది. అది అప్పుడే చెప్పాల్సింది.

"సరే పో," అంది. "ఇప్పుడెవరూ చూట్టం లేదు. వెళ్ళి నాబ్ నొక్కి, మోటారు తీసుకురా. కట్టుకుని పోదాం."

"వద్దు. లాగుతాను."

"ఇంజన్ పెట్టుకుని చేత్తో లాగడమేంటి, బుద్ధి ఉందా? నాలుగు మైళ్ళు!"

"ఇంజన్‌తో అయితే భోజనం వేళకి చేరిపోతాం."

ఆమె టోపీ సరిచేసుకుని, చుక్కాని కర్ర చంకలోకి తీసుకుంది.

"గుంజకు మరి. ఒరుగు."

ఒరిగాను. చాలాసేపు ఏమీ జరగదు. గోడని తోస్తున్నట్టే ఉంటుంది. తర్వాత ఎక్కడో ఒక అంగుళం. ఆ తర్వాత మనిషి నడక కంటే కాస్త తక్కువ వేగంతో అంత పడవా వెనకే వస్తుంది, చప్పుడు లేకుండా. ఇంజన్ మోతలో ఇన్నేళ్ళూ ఆమె వెనక ఏం చేసేదో నాకు తెలీదు. పాడుతుంది. సగం సగం పాటలు. మధ్యలో నన్ను తిడుతుంది: "తాడు తడుపుతున్నావ్!" "వంతెన కింద తల!" "అదేంటి ఆ నడక, పెళ్ళికి పోతున్నావా?" ఎదురొచ్చిన ఒకాయన కుక్కతో సహా ఆగి, ఇంజన్ పాడైందా అని అడిగాడు. అవునన్నాను. హెట్టీ వెనకనుంచి గట్టిగా నవ్వింది.

మొదటి లాకు దగ్గర ఆపడానికి తాడు గుంజకి చుట్టడం ఆలస్యమైంది, పడవ తలుపులకి ఢీ కొట్టింది. "ఫెయిల్!" అని అరిచింది. నా మాట నాకే.

రెండో లాకులో మేబెల్‌ని లోపల పెట్టి, పై తలుపులు మూసి, కింది తూము ఎత్తాను. నీళ్ళు దిగుతుంటే పడవ దిగుతుంది. ఆమె మొహం ముందు నా మోకాళ్ళ ఎత్తున ఉంది, తర్వాత పాదాల దగ్గర, తర్వాత కింద. ఇద్దరి మధ్యా నాచు పట్టిన తడి గోడ పెరుగుతోంది. అప్పుడు అన్నాను.

"హెట్టీ. వెళ్ళొద్దు."

ఆమె తల ఎత్తి చూసింది.

"ఇప్పుడా అడిగేది? నీళ్ళు వదిలేశాక?"

"ఇంతకు ముందు అడిగితే ఉండేదానివా?"

ఆమె తడి గోడకి చెయ్యి ఆనించి పడవని పట్టుకుంది.

"లేదబ్బాయ్. నేను విన్నా మోకాళ్ళు వినవు. మొన్న నేల మీద కూర్చున్నప్పుడు నాకు భయమేసింది. ఎన్నడూ లేదు అలా. నువ్వొస్తావని తెలుసు, అయినా భయమేసింది." తర్వాత అంది: "కానీ అడగాల్సింది. ఎవరైనా అడిగితే బాగుండునని ఉంటుంది కదా మనిషికి."

"అడిగాను."

"విన్నాను. తలుపు తియ్యి."

తలుపు దూలానికి వీపు ఆనించి తోశాను. బరువుగా తెరుచుకుంది.

మూడో లాకు గురించి ఏమీ గుర్తు లేదు. మధ్యలో గట్టున కూర్చుని రొట్టె, జున్ను తిన్నాం. సాయంత్రం వెలుగు తగ్గుతుండగా స్టెన్‌బరీ చేరాం. ఫోన్ చేస్తే లోరెయిన్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, నా చేతులు చూసి, "అయ్యో, ఇంజన్ అంత పాడైందా? నేనేమో నోటికొచ్చినట్టు మాట్లాడాను," అని నా చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"పాపం, ఎంత ప్రయత్నించాడో నాకు తెలుసు," అంది హెట్టీ. ఆమె మొహంలోనూ ఏదీ తెలియలేదు.

ఫ్లాటు వెచ్చగా ఉంది. కడ్డీ చూపించారు. మంచి కడ్డీ.

అక్టోబర్ 31

రాత్రి మేబెల్‌లో పడుకుని, పొద్దున బస్సులో రోడ్డు వంతెన దాకా వచ్చి, అక్కణ్ణుంచి నడిచి డన్నక్‌కి చేరాను. నిద్ర. మెకానిక్కుకి రావద్దని లోరెయిన్ చెప్పేసింది.

నవంబర్ 2

నాబ్ నొక్కాను. తిప్పాను. మొదటిసారికే స్టార్ట్ అయింది. కాసేపు దాని పక్కనే కూర్చున్నాను.

వెనక జోడీ లేకపోతే డన్నక్ ఇష్టం వచ్చినట్టు పరిగెడుతుంది. ప్రతి మలుపులోనూ అవసరం లేకుండా వెడల్పుగా తిప్పాను. లాకులు మూసే ముందు దిగిన ఆఖరి పడవ నాదేనని అక్కడి పనివాళ్ళు చెప్పారు. భోజనం వేళకి స్టెన్‌బరీ.

ఫ్లాట్ల ఎదురుగా గట్టుకి కట్టాను. ఒక్క రోజుకే. మేబెల్‌లో ఉండిపోయిన ఇత్తడి మూట ఆమెకి ఇచ్చి పోదామని.

నవంబర్ 3

మూట ఇచ్చాను. గుబ్బలు ఏ గోడకి కొట్టాలో తేలలేదు. రేపు చూస్తాం.

నవంబర్ 9

హెట్టీకి నిద్ర పట్టడం లేదట, నేల కదలకుండా ఉండేసరికి. స్నానం మాత్రం రోజుకి రెండుసార్లు. వేళ్ళు ముడతలు పడేదాకా ఉంటుందట. మనిషి నిటారుగా నడుస్తోంది. ఆ ఇల్లు ఆమెకి మంచిదే. ఇది రాయడం కష్టంగా ఉంది గానీ నిజం.

మేబెల్‌ని ఒక కుర్ర జంట కొనుక్కుని, అద్దె మోటారుకి కట్టుకుని కిందికి తీసుకుపోయారు. హెట్టీ చూడ్డానికి బయటికి రాలేదు. నేను చూశాను. మలుపు బాగానే తిప్పారు.

మధ్యాహ్నం కాలేయం, ఉల్లిపాయలు. నాకు ఇష్టం లేదని చెప్పేశాను. "తెలుసు," అంది.

నవంబర్ 14

నాకు ఇక్కడ పనేమీ లేదు. రెండు వారాలు కావస్తోంది. చలికాలానికి దక్షిణంగా పోవడం మంచిది. రేపు బయల్దేరుతాను. ఆమెతో చెప్పాను. "పోవాలిగా మరి," అంది.

నవంబర్ 15

వర్షం.

నవంబర్ 17

ఫ్రాన్ వచ్చింది, మిషను పట్టుకుని. ఈ గట్టు కూడా ఆమె కిందేనట. నేను డన్నక్ పైన తాళ్ళు విప్పుతూ ఉన్నాను. నిజంగానే విప్పుతున్నాను, ఒకటి విప్పేశాను కూడా. హెట్టీ ఫ్లాట్ల ముందు బెంచీ మీద కర్ర ఆనించుకుని కూర్చుంది, నన్ను సాగనంపడానికి. టోపీ పెట్టుకుంది.

"సెడ్రిక్ గారూ, గడువు అయిపోయినట్టుంది. పై నుంచి దిగొచ్చారంటే ఇంజన్ బాగైందన్నమాట! బయల్దేరుతున్నారా?"

అవునని నోరు తెరిచాను.

"బయల్దేరడమా!" బెంచీ మీద నుంచి హెట్టీ. "దేంతో? మళ్ళీ చెడింది తల్లీ. ఇందాక తిప్పితే విన్నాను. ఊరికే తిరుగుతోంది."

ఫ్రాన్ ఆమె వైపు తిరిగింది. ఈ కాలువ మీద హెట్టీ మాట అంటే ఆఫీసు వాళ్ళకి కూడా మాటే. ఇంజన్ శబ్దం విని రోగం చెప్పగలదని అందరికీ తెలుసు. ఆమె ఎవరికోసమూ, దేనికోసమూ ఇంజన్ గురించి అబద్ధం చెప్పగా నేను ఇంతవరకూ వినలేదు.

"అయ్యో. ఎన్నాళ్ళు పడుతుందంటారు?"

"పాతది కదమ్మా. పార్టులు దొరకాలి. ఈ చలికాలం అయితే కదల్దు." నా వైపు చూడకుండా, కాలువ వైపు చూస్తూ చెప్పింది. "వసంతంలో చూడాలి."

ఫ్రాన్ మిషనులో ఏదో కొట్టింది. జాగ్రత్తగా ఉండమని ఇద్దరికీ చెప్పి వెళ్ళిపోయింది.

నేను విప్పిన తాడు మళ్ళీ కట్టాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

"ఊరికే నిలబడితే ఎలా అబ్బాయ్, అవతల ఆ పిల్ల ఇంకా వంతెన దాటలేదు," అంది హెట్టీ. "ఏదో ఒకటి విప్పు."

పానా తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళాను.